వెనుకబడిన గడియారము

కొన్ని యేండ్ల క్రిందట జూను నెలలో, నందిగామకును జగ్గయ్యపేటకును నడుమనున్న మా పల్లెలో నొక రైతు ప్రొద్దుననే వచ్చి నా యింటి గడపకడ నిలుచుండెను. చేత కాగితముల సంచి. వెనుక ఇంటరు పరీక్ష గట్టెక్కిన కుమార్తె. "పంతులుగారూ, మా అమ్మాయి కాలేజీ దరఖాస్తు రెండ్రోజులబట్టీ పోవటంలేదండి. ఈ సాయంత్రంతో గడువు. నెట్టు సెంటరు అబ్బాయేమో లైను బాగాలేదంటన్నాడు. తమరొచ్చి ఒక్కమాట చెప్పాలి" అనెను. వ్యాకరణమును, కొంత జ్యోతిషమును జదివి, ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పినవానికి కంప్యూటరు లైనుతో నేమి పని? అయినను ఆ యబ్బాయి నా శిష్యుడు. పైపంచె వైచుకొని వెంట పోతిని.

దుకాణములో కంప్యూటరు వెలుగుచునే యుండెను. కాలేజీ పుట తెఱవబోయినంతనే, ఈ చోటు నమ్మదగినది కాదను హెచ్చరిక తెరపై నిలుచుచుండెను. అబ్బాయి చేతి సెల్‌ఫోనులో మాత్రము ఇంటర్నెట్టు చక్కగా నడచుచున్నది. కావున దోషము లైనులో లేదు. నేను తెర క్రింది మూలకు జూచితిని. వీధిలో నప్పటికి పదిగంటలు దాటినది. తెరమీద 2012 జనవరి 1వ తేది, 3 గంటల 10 నిమిషములు.

"ఇదేమి నాయనా?" అంటిని.

"అది రోజూ అంతే మాస్టారూ. రాత్రి ఆపితే తెల్లారేసరికి వెనక్కి పోద్ది. కొన్నాళ్ళు దిద్దాను. విసుగుపుట్టి మొన్న మానేశాను. గడియారంతో మనకేం పనిలెండి" అనెను.

గడియారముతో మనకేమి పని యను ఆ మాటయే నేటి ప్రసంగమునకు మూలము. ఆ పిల్ల దరఖాస్తు సంగతి మఱల చెప్పెదను. ముందుగా, గడియారము వెనుకబడుటయను నీ రోగము మన దేశమున నెంత పాతదో, దానిని మనవారెట్లు పట్టుకొనుచుండిరో కొంత విన్నవింతును.

మా మెట్టసీమలో కాలమును లెక్కించుటకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము జగ్గయ్యపేటలోనే కలదు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు తమ తండ్రిపేర జగ్గయ్యపేట యని పిలువకముందు ఆ యూరు బేతవోలు. ఊరికి చేరువ ధనంబోడను గుట్టమీది బౌద్ధస్తూపమును 1882లో జేమ్సు బర్జెస్సు త్రవ్వించి పరిశీలించెను. అచ్చటి ఆయకస్తంభములపై ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని నాటి ప్రాకృత శాసనములు కలవు. క్రీస్తు తరువాత 3వ శతాబ్దివి. సిద్ధార్థుడను శిల్పి తాను చేసిన దానమును వానిలో చెప్పుకొనినాడు. కాలము చెప్పిన తీరు చూడుడు: రాజుయొక్క 20వ సంవత్సరము, వర్షర్తువున 8వ పక్షము, 10వ దినము. అంతియే. ఏటికి మూడు ఋతువులు, ఋతువునకు ఎనిమిది పక్షములు, పక్షమునకు దినములు. గడియ లేదు, విఘడియ లేదు. స్తంభము నిలుపువానికి దినము చాలినది.

గడియ కావలసివచ్చినది పెండ్లిపీటలమీదను, యాగశాలలోను, రాజద్వారమునందలి కావలివారికిని. గడియారమను మాటలోనే గడియ దాగియున్నది. అహోరాత్రమునకు 60 గడియలు. గడియకు నేటి లెక్కలో 24 నిమిషములు. అందు 60వ పాలు విఘడియ, అనగా 24 సెకనులు. దీనిని కొలుచు గడియకుడుకను గూర్చి సూర్యసిద్ధాంతము చెప్పినది మన పండితులకు తెలిసినదే: అడుగున సన్నని బెజ్జముగల రాగిపాత్రను నిర్మలమైన నీటి తొట్టిలో విడిచినచో, నీరు మెల్లగా నెక్కి, పగలును రాత్రియు గలిపి 60 మాఱులు మునుగవలెను. చిన్నతనమున నేనీ భాగము చదువునప్పుడు, "నిర్మలమైన నీరు" అని యేల చెప్పవలెనని మా గురువుగారిని అడిగితిని. "చెఱువునీరు పోసి చూడుము, తెలియును" అనిరి. ఇంటనున్న చిన్న రాగిచెంబు మాడి బెజ్జముపడియుండగా దానితో నిజముగానే చూచితిని. మూడవ మునుకకు బెజ్జమున నలుసు చేరినది. చెంబు మునుగుటకు ముందటి రెండుమాఱులకన్న చాల సేపు పట్టినది. బెజ్జము పూడినచో గడియారము వెనుకబడును. అరిగి పెద్దదైనచో ముందునకు పోవును. నీరు వెచ్చనైనచో పలుచబడి కొంచెము వడిగా నెక్కును. యంత్రము మారలేదు, కొలుచువాడు మారలేదు. కాలము మాత్రము తప్పినది.

లీలావతి కథ మీరెఱుగుదురు. భాస్కరాచార్యులు 1150లో రచించిన గణితమునకు ఆ పేరు. దానిని 1587లో పారసీక భాషలోనికి మార్చిన ఫైజీ యీ కథ వ్రాసినాడు. కూతురి పెండ్లికి భాస్కరుడు ఒకే యొక్క శుభఘడియను నిర్ణయించి, నీటిలో గడియకుడుకను విడిచెను. పిల్ల వేడుకతో వంగి చూచుచుండగా నగలోని ముత్యమొకటి జాఱి బెజ్జమున కడ్డుపడెను. కుడుక మునుగలేదు. ముహూర్తము గడచిపోయినది. కథ జరిగినదో లేదో చెప్పుటకు నాధారములు లేవు. కాని యంత్రమెట్లు చెడునో తెలిసినవాడే యిట్టి కథ కట్టగలడు. నాకెప్పుడును తోచునదేమనగా, ఆ పందిటిలో నందఱును కుడుకనే చూచుచు కూర్చుండిరి. ఒక్కరైనను వెలుపలికి వచ్చి ఆకాశము వంక చూచియుండినచో, కుడుక అబద్ధమాడుచున్నదని యప్పుడే తెలిసియుండును.

అందులకే శాస్త్రకారులు నీటి గడియారమును నమ్మి యూరకుండలేదు. సమతలమైన నేలపై శంకువును, అనగా నిటారైన పుల్లను, నాటి, దానిచుట్టు వృత్తము గీచి, ఉదయపు నీడకొన యెచట వృత్తమును తాకెనో, సాయంకాలపు నీడకొన యెచట తాకెనో గుఱుతుంచి, వానినిబట్టి ఉత్తరదక్షిణరేఖ గీయుదురు. నీడ యా రేఖపైకి వచ్చినప్పుడు మధ్యాహ్నము. కుడుక నాడు తప్పినను ఒప్పినను ఆ క్షణమున దానిని దిద్దుకొనవచ్చును. మా పెరటిలో నిట్టి శంకువు నేటికిని కలదు. మనుమలు దానిని తులసికోట చెల్లెలందురు.

అయితే యీ సాక్షికి నొక చిక్కు కలదు. సూర్యుడు తూర్పుననున్న యూరికి ముందుగను, పడమటి యూరికి వెనుకగను నడినెత్తికి వచ్చును. ఒక డిగ్రీ రేఖాంశమునకు 4 నిమిషముల భేదము. ప్రాచీనులు లంకనుండి ఉజ్జయినిమీదుగా పోవు రేఖను మూలముగా గొని, తమ యూరు దానికెంత తూర్పో పడమరో గుణించి కాలమును దిద్దుకొనిరి. దీనికి దేశాంతరసంస్కారమని పేరు. ఉజ్జయినికన్న నందిగామలో మధ్యాహ్నము సుమారు 18 నిమిషములు, అనగా 45 విఘడియలు, ముందుగా నగును. ఈ సంస్కారమును మఱచి ఉజ్జయిని లెక్కతోనే పంచాంగము చెప్పువాని గడియారము చెడినదనలేము. వాడు నిలిచిన చోటు తప్పు.

ఎద్దులబండిపై నందిగామ సంతకు పోవు దినములలో ఏ యూరి మధ్యాహ్నము ఆ యూరికి చాలినది. రైలును తంతియు వచ్చినపిమ్మట చాలలేదు. ఒకే బండి ఒక్కొక్క స్టేషనులో నొక్కొక్క కాలము చూపినచో ప్రయాణికులకు దిక్కుతెలియదు. ఒంటిదారిలో నెదురుబండ్లకు ప్రాణాపాయము. అప్పుడు దక్షిణదేశమునకు సాక్షిగా నిలిచినది చెన్నపట్టణపు నక్షత్రశాల. 1786లో విలియం పెట్రీ తన సొంతముగా నెలకొల్పినదానిని ఈస్టిండియా కంపెనీవారు తీసికొనగా, 1792లో మైకేల్ టాపింగు నుంగంబాకములో నూతనభవనము కట్టించెను. అచ్చటి యంత్రమునకు ఆధారమైన పెద్ద రాతికంబముపై శాసనము చెక్కిరి. ఇతర భాషలతోపాటు తెలుగునను చెక్కిరి. మన భాషలో నక్షత్రశాలకు శాసనమున్న సంగతి మన పిల్లలకు బడిలో నెవరును చెప్పరు.

గోల్డింగుహాం 1802లో చెన్నపట్టణపు రేఖాంశము 80 డిగ్రీల 18½ కలలని నిర్ణయించెను. అనగా గ్రీనిచ్చికన్న 5 గంటల 21 నిమిషముల 14 సెకనులు ముందు. రాత్రి 8 గంటలకు ఫిరంగి ప్రేల్చి పట్టణమునకు కాలము తెలుపుచుండిరి. పిదప తంతిమూలమున నా కాలము దూరపు స్టేషనులకు చేరెను. బొంబాయి కాలము 4 గంటల 51 నిమిషములు, కలకత్తా కాలము 5 గంటల 53 నిమిషములునై యుండగా, నడుమనున్న మదరాసు కాలమే దేశపు రైళ్లకు చాలకాలము రైల్వే కాలమయ్యెను.

ఇక మన ప్రాంతమువారు గమనింపవలసిన విశేషము: నందిగామ ఇంచుమించుగా నా రేఖమీదనే యున్నది. భేదము కొలది సెకనులే. జగ్గయ్యపేట కొంచెము పడమరగాన నొక నిమిషములోపుగా వెనుక. కావున మదరాసు కాలమున్నన్నాళ్లు నందిగామ కచేరీ గడియారమునకును, నందిగామ సూర్యునికిని సగటున పేచీ లేదు. మన తాతలకు తెలియకయే వారి యూరి మధ్యాహ్నము దేశమున రైళ్లు నడపినది.

1906 జనవరి 1వ తేదీన ఈ పొత్తు విడిపోయినది. గ్రీనిచ్చికి 5 గంటల 30 నిమిషములు ముందుగానుండు 82½ డిగ్రీల రేఖ దేశమంతటికి మూలమయ్యెను. ఆ రేఖ ఉత్తరదేశమున మీర్జాపురము చెంతను, మన తీరమున కాకినాడకు కొంచెము తూర్పుగను పోవును. మదరాసు కాలమువారు గడియారమును 8 నిమిషముల 46 సెకనులు ముందునకు త్రిప్పవలసివచ్చెను. కలకత్తావారు 1948 వఱకును, బొంబాయివారు 1955 వఱకును తమ పాతకాలమును విడువలేదు. మదరాసువారు పెద్దగా తగవాడలేదు. తొమ్మిది నిమిషములకై యెవరు తగవాడుదురు! రెండవ ప్రపంచయుద్ధమున 1942 నుండి 1945 వఱకు గడియారములను మఱియొక గంట ముందునకు త్రిప్పిరి. ఆ యేండ్లలో నందిగామలో సూర్యుడు నడినెత్తికి వచ్చువేళకు గడియారము ఒంటిగంట దాటి తొమ్మిది నిమిషములు చూపుచుండెను. ఎండజూచి పనిచేయు కూలీలకు, గడియారము జూచి పనిచేయించు దొరలకు నడుమ ఎన్ని మాటలు నడచినవో ఊహింపవచ్చును.

చెన్నపట్టణపు నక్షత్రశాలలోనే చింతామణి రఘునాథాచార్యులుగారు పనిచేసిరి. పంచాంగకర్తల వంశమువారు. 1867లో నొక మాఱు నక్షత్రమును కనిపెట్టిరి. 1874లో శుక్రుడు సూర్యబింబమునకడ్డముగా పోవు సంగతిని గూర్చి దేశభాషలలో జనులకు బోధించిరి. 1880లో గతించిరి. వారు మన పంచాంగములు దృగ్గణితానుసారముగా నుండవలెనని పోరాడిరి. దృక్కనగా చూపు. పాత సూత్రములతో చేసిన గణితమునకును, కంటికి కనబడు గ్రహమునకును భేదము వచ్చినప్పుడు దిద్దవలసినది గణితమునేగాని గ్రహమును కాదు. నాడు పండితులలో ననేకులకు ఈ మాట కటువుగా తోచినది. సూత్రములు చెడ్డవికావు, వందలయేండ్లుగా చిన్నచిన్న దోషములు పేరుకొని గడియలకొలది యైనవి. ఎంత మంచి గడియారమైనను దిద్దువాడు లేనిచో నిట్లే యగును.

లోలకపు గడియారము సంగతియు నంతియే. మా తండ్రిగారు ఆదివారమునాడు తాళముచెవితో చుట్టియిచ్చు గోడగడియారము వేసవిలో వెనుకబడి, సంక్రాంతికి కుదుటబడుచుండెను. వేడికి లోలకపు కడ్డీ సాగును. సాగినచో మెల్లగా నూగును. ఉక్కు కడ్డీయైనచో 10 డిగ్రీల వేడికి దినమునకు సుమారు 5 సెకనులు తప్పును. దానికి మందు రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. నా చిన్ననాట వార్తలకుముందు వచ్చు ఆ చిన్న ధ్వనులకై మా వీధివారు ముల్లుపై వ్రేలుంచుకొని నిలుచుచుండిరి. ఒక్క మాట: ఇప్పుడు కొందఱు సెల్‌ఫోనులో ఇంటర్నెట్టు ద్వారా రేడియో వినుచున్నారు. అట్లు వచ్చు ధ్వని కొన్ని సెకనులు ఆలస్యముగా చేరును. దానితో గడియారము దిద్దరాదు.

ఇక దుకాణమునకు మఱలి వత్తము. కంప్యూటరులో నిజముగా రెండు గడియారములు కలవు. ఒకటి యంత్రము నడచుచున్నంతసేపు లెక్కించునది. రెండవది యంత్రము నిద్రించునప్పుడును మేల్కొనియుండునది. ఈ రెండవదానిలో చిన్న స్ఫటికపుముక్క కలదు. విద్యుత్తు తగిలినప్పుడది సెకనునకు 32,768 మాఱులు కంపించును. ఆ సంఖ్యను పదునైదుమాఱులు సగము సగము చేసినచో నొకటి మిగులును. అదియే ఒక సెకను. 1981లో వచ్చిన మొదటి ఐ.బి.ఎం. పర్సనలు కంప్యూటరులో నీ మేల్కొనియుండు గడియారము లేదు. తెఱచినప్పుడెల్ల తేదీ యేమని యంత్రమే అడుగుచుండెను. చెప్పకున్నచో 1980 జనవరి 1 అని యనుకొనుచుండెను. 1984లో వచ్చిన దాని తమ్ముడు ఏ.టి.లో బ్యాటరీతో నడచు గడియారము చేర్చిరి. నేటి బల్లకంప్యూటర్లలో నాణెమువంటి గుండ్రని బ్యాటరీ, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులది, ఆ పని చేయుచున్నది.

స్ఫటికమునకును వేడి పడదు. 25 డిగ్రీలకడ సరిగా నడచునట్లు దానిని కోయుదురు. మా నందిగామ మే నెలలో 45 డిగ్రీల గదిలో దినమునకు సుమారు ఒక సెకనుకు పైగా వెనుకబడును. తయారీలోని భేదముతో గలిపినను నెలకొక నిమిషము, ఒకటిన్నర నిమిషము తప్పవచ్చును. అంతకు మించి తప్పినచో నేరము ఎండమీద వేయరాదు.

కావున నేను శిష్యుని మొదట అడిగినది, "ఎప్పుడు వెనుకబడును?" అని. యంత్రము నడచుచుండగానా, ఆపియుండగానా? పాత యంత్రములలో నడచుచుండగా వెనుకబడుటయు కలదు. లెక్కించు గడియారము సెకనునకు 18 మాఱులకు పైగా తలుపు తట్టును. ఇతరమైన పనిలో మునిగిన యంత్రము ఒక తట్టు వినకపోయినచో నంతకాలము పోయినట్లే. "ఉదయం నుంచి ఒక్క నిమిషం కూడా తప్పలేదు" అని యబ్బాయి చెప్పెను. "యంత్రమెప్పుడు తెఱచితివి?" అంటిని. "ఏడింటికి" అనెను. పదిగంటల పది నిమిషములలో నేడు గంటలు తీసిన మిగులునది 3 గంటల 10 నిమిషములు. తెరమీదనున్నది సరిగా నదియే. అనగా, రాత్రి గడియారము మెల్లగా నడువలేదు, పూర్తిగా చచ్చినది. ఉదయమున తయారీవాడు వ్రాసియుంచిన తన జన్మదినమునుండి మఱల పుట్టినది. బ్యాటరీ అయిపోయిన యంత్రపు లక్షణమిది.

ఏల తొందరగా అయిపోయినది? యంత్రమును ఆపినను గోడలో విద్యుత్తు తగిలియున్నంతసేపు గడియారము దానినే త్రాగును, బ్యాటరీని ముట్టదు. మా పల్లెలో పిడుగులకు వెఱచి రాత్రి గోడమీట కట్టివేయుదురు. అది మంచి పనియే. కాని ప్రతిరాత్రియు, సెలవు దినములందును బ్యాటరీయే కాపలా కాయవలసివచ్చును.

తేదీ తప్పినచో కాలేజీ పుట యేల తెఱచుకొనలేదు? నమ్మదగిన ప్రతి చోటును తన గుఱుతుపత్రమొకటి చూపును. దానిపై ఏ దినమునుండి ఏ దినము వఱకు చెల్లునో వ్రాసియుండును. 2012లో నున్నాననుకొను యంత్రమునకు నేటి పత్రము ఇంకను పుట్టనిదిగా తోచును. రాబోవు సంవత్సరపు తేదీగల ప్రామిసరీ నోటును మనయొద్దకు తెచ్చినచో మనమును త్రోసివేయమా? యంత్రము చేసిన పని న్యాయమే. పాపము, అబ్బాయి రెండు దినములు లైనును తిట్టినాడు.

తేదీని చేతితో దిద్దించితిని. పుట వెంటనే తెఱచుకొనినది. ఆ రైతు ముఖము చూడవలసినదే. పిల్ల కాగితములు తీయుచుండగా నబ్బాయి ఉత్సాహముతో, గడియారమును ఇంటర్నెట్టుతో తనంత దిద్దుకొనునట్లు చేయు మీట నొక్కెను. చూచుచుండగా కాలము మఱల వెనుకబడినది! "అయ్యో మాస్టారూ, మళ్ళీ పోయింది" అనెను. తెర చూచితిని. తేదీ సరియైనదే. భేదము సరిగా 5 గంటల 30 నిమిషములు. మన లెక్కలో 13 గడియల 45 విఘడియలు. చెడిన గడియారము ఇంత చక్కని లెక్కలో చెడదు. ఎవరో యంత్రము బాగుచేయుచు గ్రీనిచ్చి రేఖను ఎన్నిక చేసి పోయినారు. దేశాంతరసంస్కారలోపము! భారతదేశమును ఎన్నుకొనగానే సరిపోయినది. గురువుగారు చెప్పిన పాఠము కంప్యూటరు దుకాణములో నుపయోగించునని నేననుకొనలేదు.

"మొన్నటిదాకా ఇదే ఎందుకు దిద్దలేదు?" అని యబ్బాయి అడిగెను. మంచి ప్రశ్నయే. బల్లకంప్యూటర్లలో నెక్కువగా నడచు విండోసు వ్యవస్థలో, సామాన్యముగా 15 గంటలకు మించి భేదమున్నచో యంత్రము తనంత దిద్దుకొనదు. ఏండ్లకొలది భేదమును చెప్పు సాక్షిని అనుమానించును. మనిషి వచ్చి తేదీని దాపునకు తెచ్చినగాని వినదు.

ఇంటర్నెట్టుతో దిద్దుకొను పద్ధతి కొంచెము చెప్పవలెను. నందిగామనుండి ఒక మనిషిని విజయవాడకు పంపి, "అచ్చట వేళ యెంత?" అని చీటీపై వ్రాయించి తెప్పించినామనుకొనుడు. మనిషి వచ్చుసరికి ఆ వేళ పాతబడియుండును. కాని మన గడియారములో అతడు బయలుదేఱిన వేళ, తిరిగివచ్చిన వేళ మనకు తెలియును; రాకపోకలకు పట్టిన కాలములో సగము చీటీ వేళకు కలిపినచో నిజమైన వేళ వచ్చును. పోకకును రాకకును సమానముగా పట్టవలెననుటయే షరతు. అమెరికాలోని డెలవేరు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మిల్సు 1985లో ఈ పద్ధతిని కంప్యూటర్లకు నియమముగా ప్రకటించెను, 2024లో గతించెను. చీటీ తెచ్చువాడు రెప్పపాటులో వచ్చుచున్నాడు గనుక భేదము సెకనులో వేయవపాళ్లలో నుండును. మన దేశమున అసలు సాక్షి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలోని సీజియం అణుగడియారములు. 1967 నుండి సెకనుకు ప్రమాణము సూర్యుడు కాడు. సీజియం అణువు యొక్క 9,192,631,770 కంపనములు. ఆ సంఖ్య చదువుటకే నాకొక విఘడియలో సగము పట్టినది.

మధ్యాహ్నమునకుముందే దరఖాస్తు పోయినది. మఱునాడు అబ్బాయి జగ్గయ్యపేటనుండి బ్యాటరీ తెచ్చెను. విద్యుత్తు తీసివేసి, మూత విప్పి, పాతదానిని గోటితో లేపి, వ్రాతవైపు పైకుండునట్లు క్రొత్తది పెట్టెను. ఆ రాత్రి గోడమీట కట్టివేసిరి. ఉదయమున తెఱవగా తేదీ నిలిచియున్నది.

అయినను నా మనసు ఊరకుండలేదు. ఆ దినము మబ్బు విడిచి ఎండ కాసినది. జూను నెలలో మన ప్రాంతమున సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెము ఉత్తరముగా పోవును గనుక మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును, అదియు జానెడైన నుండదు. పన్నెండు దాటినపిమ్మట శంకువుకడ గొడుగు వేసికొని కూర్చుంటిని. మా మనుమడు సెల్‌ఫోను చేతబట్టి దుకాణములోని యబ్బాయితో మాటాడుచుండెను. నీడ సన్ననిగీతవలె జరిగి జరిగి రేఖమీదికి వచ్చినది. "ఇప్పుడు!" అంటిని. "మాస్టారూ, ఇక్కడ పన్నెండూ పది" అని దుకాణమునుండి వినబడినది. జూను 20 ప్రాంతమున నందిగామ రేఖపై నడిప్రొద్దునకు రావలసిన వేళయు నదియే. నీళ్లు త్రాగి భోజనమునకు లేచితిని.